వెదురుగుంపు పెన్‌డ్రైవ్

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ కోర్సు చేయాలి సార్ అని. కోర్సుల సంగతి నాకు తెలియదు. నేను చదివినవన్నీ ఇప్పుడు ఎవరికీ పనికిరావు. ఇరవై ఆరేళ్ళు ప్రభుత్వ ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసి రిటైరయ్యాను. మొదట ఖమ్మంలో, తర్వాత చాలాకాలం భద్రాచలంలో. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ స్కేలులో దిగిపోయానో రాస్తే నాకే నిద్రొస్తుంది. నాకు పని నేర్పిన ఇద్దరు ముగ్గురు మనుషుల గురించి, నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి రాస్తాను. చదివి ఏం చేసుకుంటారో మీ ఇష్టం.

పని అంటే

మేము ముదిగొండ వాళ్ళం. మా నాయన నాగలి పట్టుకున్నాడు, నేను స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. ఆఫీసులో నా హోదా ఏదైనా జనానికి మాత్రం 'కంప్యూటర్ సార్'నే. ఫ్యాను తిరక్కపోయినా నన్నే పిలిచేవాళ్ళు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత ఫ్యాన్లు కూడా బాగుచేయడం నేర్చుకున్నాను, కోపం తగ్గింది.

కొత్తవాళ్ళు ఈ పని మిషన్లతో అనుకుంటారు. సగం కూడా కాదు. కంప్యూటర్ ఎట్లా పాడైందో దాని ముందు కూర్చున్న మనిషికి తెలుసు, కానీ చెప్పడు. చెబితే తన మీదికొస్తుందని భయం. 'నేనేం ముట్టుకోలేదు సార్, దానంతటదే ఆగింది' అని మొదలుపెడతాడు. మీరు అరిస్తే ఆ మాట మీదే నిలబడతాడు. మీరు నెమ్మదిగా ఒక కప్పు టీ తాగితే, రెండో కప్పుకి అసలు విషయం బయటికొస్తుంది. నాకు ముక్కు మీద కోపం. కాబట్టి నా సర్వీసులో మొదటి పదేళ్ళు అసలు విషయాలు నాకు చాలా ఆలస్యంగా తెలిసేవి.

ఖమ్మంలో నా పై అధికారి సరోజిని మేడం. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆమెకు ఒక అలవాటు ఉండేది. తెర మీద ఏదైనా ఎర్రర్ వస్తే, మమ్మల్ని పక్కన నిలబెట్టి బడిపిల్లల చేత చదివించినట్టు పైకి చదివించేది. మొదటి పదం నుంచి చివరి చుక్క దాకా. నేను సగం చదివి 'అర్థమైంది మేడం' అంటే, 'నీకు అర్థమయ్యింది నేనడగలేదు, అది ఏం చెప్పిందో చదువు' అనేది. ఆ రోజుల్లో నాకు చిరాకు. ముప్పై ఏళ్ళు వచ్చినవాణ్ణి, పెళ్ళయినవాణ్ణి, అందరి ముందు వాచకం చదివిస్తుందేమిటి అని. ఆమె రిటైరయ్యాక నేను ఆ అలవాటు మానేశాను. దాని ఫలితం ముందు ముందు చెబుతాను.

లినక్స్ ఎందుకొచ్చింది

రెండు వేల నాలుగైదు నాటికి పెన్‌డ్రైవ్‌లు ఊళ్ళకొచ్చాయి. వాటితో పాటే వైరస్‌లూ వచ్చాయి. ఇంటర్నెట్ షాపులో ఒకసారి పెట్టిన డ్రైవ్ ఆఫీసులో పెడితే సాయంత్రానికి అన్ని మిషన్లూ పడుకునేవి. రోజూ ఇదే గోల. చివరికి ముఖ్యమైన పనులు చేసే మిషన్లన్నీ విండోస్ తీసేసి లినక్స్‌లోకి మార్చాం. ఖర్చు లేదు, ఆ వైరస్‌లు దాన్నేమీ చేయలేవు.

గుమాస్తాలు నన్ను తిట్టుకున్నారు, తిట్టుకోరా మరి. అప్పటిదాకా పెన్‌డ్రైవ్ గుచ్చితే తెరుచుకునేది. మా పాత లినక్స్‌లో అట్లా కాదు, దాన్ని 'మౌంట్' చేయాలి. అంటే ఫలానా డ్రైవ్‌ని ఫలానా చోట తగిలించు అని కంప్యూటర్‌కి చెప్పాలి. తీసేటప్పుడు 'దించు' అని చెప్పాలి. తల్లాడలో ఒక సీనియర్ అసిస్టెంట్ దించకుండా పీకి, మూడు రోజుల టైపింగ్ పోగొట్టుకున్నాడు. ఫైలు ఎక్కిందని తెర మీద కనిపించింది సార్, నా కళ్ళతో చూశాను అంటాడు పాపం. లినక్స్ ఎక్కించినట్టు చూపించి, నిజంగా రాయడం తర్వాత నింపాదిగా చేస్తుంది. ఆ సంగతి నేను అతనికి ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఆ మూడు రోజుల పనీ అతని పక్కన కూర్చుని నేనూ కొంత టైపు చేశాను.

వాళ్ళ బాధ పడలేక నేను తెర మీద ఒక బొమ్మ పెట్టాను. నొక్కితే పెన్‌డ్రైవ్ మౌంట్ అవుతుంది, ఇంకోసారి నొక్కితే దిగుతుంది. కంప్యూటర్ భాషలో మొత్తం డ్రైవ్ పేరు ఎస్‌డీఏ. దానిలోపల గీత గీసి వేరుచేసిన మొదటి భాగం పేరు ఎస్‌డీఏ ఒకటి. కొన్న డ్రైవ్‌లన్నిటిలోనూ ఆ భాగం కంపెనీలోనే చేసి ఉంటుంది. అందుకని నా బొమ్మ ఎప్పుడూ ఎస్‌డీఏ ఒకటినే తెరిచేది. ఇది గుర్తుంచుకుంటే మిగతాదంతా మీకు సులభంగా అర్థమవుతుంది.

సర్వే

ఆ దశాబ్దం చివర్లో పోడు భూముల సర్వే వచ్చింది. దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్ళలో ఎవరు ఏ చెలక ఎన్నాళ్ళుగా దున్నుకుంటున్నారో చూసి హక్కు కాగితం ఇవ్వాలి. సర్వేయరు జీపీఎస్ పట్టుకుని, రైతు వెంట గట్టు గట్టూ తిరిగి కొలిచి, ఆ కొలతలూ ఫొటోలూ క్యాంపులో ఉన్న ల్యాప్‌టాప్ ద్వారా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మా ఆఫీసుకి పంపేవాడు. మేము లినక్స్ మిషన్‌లో పటాలు తయారుచేసి, కాగితాలు మంజూరు చేసే కమిటీకి పెట్టేవాళ్ళం.

డ్రైవ్‌లోకి ఎక్కగానే జీపీఎస్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ తుడిచేసి తర్వాతి ఊరికి పోయేవాళ్ళు. ఇంకో కాపీ ఉంచాలన్న ఆలోచన పై వాళ్ళకు రాలేదు, నాకూ రాలేదు. పన్నెండు పెన్‌డ్రైవ్‌లు తెప్పించారు. వాటిని శుభ్రంగా ఫార్మాట్ చేసి ఇచ్చే పని నాది. క్యాంపుకి పోయే జీపు బయట హారన్ కొడుతుంటే గబగబా పన్నెండూ చేసి ఇచ్చాను.

వెదురుగుంపు అని ఒక కోయగూడెం. నలభై మూడు కుటుంబాలు. అక్కడ కొలిచిన సర్వేయరు వెంకన్న. మంచి పనిమంతుడు. రెండు వారాలు తిరిగి పని ముగించిన రోజునే అతనికి చలిజ్వరం పట్టింది. కుంజా లచ్చమ్మ అనే ఆవిడ ఇంట్లో సర్వేవాళ్ళు భోజనం చేసేవాళ్ళు. మిగతావాళ్ళు అప్పటికే తర్వాతి ఊరికి పోయారు. వెంకన్నను ఊరివాళ్ళు మంచం మీద మోసుకుపోతుంటే, ఆ వణుకులోనే పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడట. ఇందులో మీ భూములన్నీ ఉన్నాయి, భద్రాచలంలో కంప్యూటర్ సార్‌కి ఇవ్వండి అని చెప్పి దవాఖానాకి పోయాడు.

అవి విత్తనాల పండుగ రోజులు. వాన పడేముందు ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ విత్తనాలు తెచ్చి అమ్మవారి దగ్గర పెట్టి, పూజ చేసి, అందరూ పంచుకుని పోయి చల్లుకుంటారు. పండుగ ముగిసేదాకా ఊరు దాటరు. లచ్చమ్మ ఆ పెన్‌డ్రైవ్‌ని కొత్త గుడ్డలో చుట్టి, విత్తనాల గంపలో పెట్టించింది. అందరి విత్తనాలతో పాటు దానికీ పసుపు పడింది.

పసుపు

గురువారం పొద్దున లచ్చమ్మా, ఊరి పెద్ద సోడె రామయ్యా, ఇంకో నలుగురూ మొదటి బస్సుకి వచ్చారు. కమిటీ మీటింగ్ సోమవారం. ఆ మీటింగ్‌లో పటం పెట్టని ఊళ్ళు తర్వాతి విడతకి పోతాయి. తర్వాతి విడత ఎప్పుడో ఎవరికీ తెలియదు. వెదురుగుంపుకి ఆ ఆలస్యం మామూలు ఆలస్యం కాదు. వాగు పక్క చెలకల మీదుగా కందకం తవ్వడానికి అటవీశాఖవాళ్ళు అప్పటికే ముగ్గుతో గీత పోశారు. కాగితం లేకపోతే వానలు తగ్గగానే తవ్వుతారు. ఆ గీత మొదట దాటేది లచ్చమ్మ చెలకనే. భర్త చనిపోయాక పదకొండేళ్ళుగా ఒక్కతే చూసుకుంటున్న భూమి.

గుడ్డ విప్పి డ్రైవ్ నా టేబుల్ మీద పెట్టింది. మూత లేదు. మూతికి నిండా పసుపు, కాస్త కుంకుమ కూడా. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. దూదితో పైపైన తుడిచి గుచ్చి, బొమ్మ నొక్కాను. తెరుచుకోలేదు. అలాంటి డివైస్ లేదు అంది. మళ్ళీ తీసి, స్పిరిట్‌తో కడిగి, రబ్బరుతో రుద్ది, గుచ్చాను. అదే మాట. వేరే పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను, టక్కున తెరుచుకుంది. ఇంకేం, మిషన్ తప్పు లేదు, డ్రైవ్ పాడైంది, పాడుచేసింది పసుపు. పది నిమిషాల్లో తేల్చేశాను.

ఇక్కడ ఆగి, నేను చూడనివి చెప్పాలి. కర్నల్, అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటిది, రాసే చిట్టా ఒకటి ఉంటుంది, డ్రైవ్ గుచ్చగానే ఏం జరిగిందో వరుసగా చెబుతుంది. అందులో ఈ డ్రైవ్ కంపెనీ పేరు ఉంది, సైజు సరిగ్గా ఉంది. మూతిలోని పిన్నులకు పసుపు అంటుకుని సంబంధం తెగితే సైజు ఎట్లా చెబుతుంది? అంటే డ్రైవ్ బతికే ఉంది, బాగానే మాట్లాడుతోంది. ఆ రోజు డ్రైవ్‌లో ఏ భాగాలున్నాయో చెప్పే పట్టీ మాత్రం అడిగాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది. మొదటిది, ఇది భాగాల పట్టీలా లేదు అని. అక్కడితో ఆపి, అంతా చెడిపోయింది అనుకున్నాను. రెండో వాక్యం, మీరు బహుశా తప్పు డివైస్‌ని ఎంచుకున్నారు అని. సరోజిని మేడం ఉంటే పైకి చదివించేది. నేను చదవలేదు.

బయటి విండోస్ మిషన్‌లో పెట్టి చూడొచ్చు కదా అంటారు. సర్వే డ్రైవ్‌లు బయట పెట్టకూడదని ఆర్డరు. అది సాకు మాత్రమే. నాకు అనుమానమే లేదు, అదీ అసలు కారణం.

గదిలో అప్పుడు మా పెద్ద సారు, నలుగురు గుమాస్తాలు ఉన్నారు. వాళ్ళందరూ వినేటట్టు అరిచాను. ఇది దేవుడి పటం కాదు పసుపు కుంకుమ పెట్టడానికి, రెండు వారాల కొలతలు బూడిదైపోయాయి, సోమవారానికి మీ ఊరు లేదు పొండి అన్నాను. పెద్ద సారు నవ్వి, అడవిలోకి కంప్యూటర్ పంపితే ఇంతే అన్నాడు. గుమాస్తాలు నవ్వారు. నేనూ నవ్వాను. అది దాచను.

లచ్చమ్మ నవ్వలేదు, ఏడవనూ లేదు. నా వైపే చూస్తూ చెప్పింది.

"ఇత్తనం పెట్టే కాడ పెట్టిన సార్. గంతకంటె పైలమైన జాగ మాకు లేదు."

రామయ్య కోయలో ఆమెతో ఏదో గట్టిగా అన్నాడు. మిగతా నలుగురూ ఆమెకు దూరంగా జరిగారు. బస్టాండుకి పోతున్నప్పుడు కూడా ఆమె వెనక, వాళ్ళు ముందు నడిచిపోయారు. కిటికీలోంచి చూశాను.

శనివారం

మళ్ళీ కొలవడానికి వెంకన్న ఇంకా దవాఖానాలోనే ఉన్నాడు, వేరే సర్వేయర్లు దూరంగా ఉన్నారు. శనివారం మధ్యాహ్నం పెద్ద సారు పిలిచి, ఆ డ్రైవ్ తుడిచేసి ఇంకో ఊరికి పంపు, ఖాళీగా ఎందుకుండాలి అన్నాడు. పాడైంది కదా సార్ అన్నాను. ఫార్మాట్ కొట్టి చూడు, పనిచేస్తే చేస్తుంది అన్నాడు. సరేనని కూర్చున్నాను.

ఎస్‌డీఏ ఒకటిని ఫార్మాట్ చేయమన్నాను. అలాంటిది లేదంది. ఒకటి తీసేసి, మొత్తం ఎస్‌డీఏనే చేయమన్నాను. కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఇది మొత్తం డ్రైవ్, దీని మీద నేను చేయను, నీకు నిజంగా కావాలంటే ఫలానా అక్షరం కలిపి చెప్పు అంది. నా వేళ్ళు ఆ అక్షరం కొట్టేశాయి. ఎంటర్ ఒక్కటే మిగిలింది.

అప్పుడు ఆగాను. ఈ మాట నేను ఇంతకుముందు చదివాను. ఈ అక్షరం ఇంతకుముందు కొట్టాను. ఎక్కడ? ఈ కుర్చీలోనే. జీపు హారన్ కొడుతున్న రోజు. మొదటి పది డ్రైవ్‌లు పద్ధతిగా ఎస్‌డీఏ ఒకటి అని కొట్టి చేశాను. చివరి రెండింటికి తొందరలో ఆ ఒకటి వదిలేశాను. కంప్యూటర్ వద్దంది. విసుక్కుని, అక్షరం కలిపి నోరు మూయించాను. దాంతో లోపలి గీత చెరిగిపోయి, డ్రైవ్ మొత్తం ఒకే ముక్క అయింది. ల్యాప్‌టాప్‌లోని విండోస్‌కి అది పట్టింపు లేదు, వెంకన్న హాయిగా రాసుకున్నాడు. నా బొమ్మకు మాత్రం ఎస్‌డీఏ ఒకటే తెలుసు. లేని తలుపు కొట్టి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పాను.

ఎంటర్ మీద నుంచి చెయ్యి తీసి, రాసిందంతా ఒక్కో అక్షరం చెరిపేశాను. లేచి నీళ్ళు తాగొచ్చాను. తర్వాత ఒకటి లేకుండా, ఏమీ రాయడానికి వీల్లేకుండా చదవడానికి మాత్రమే, ఎస్‌డీఏని మౌంట్ చేయమన్నాను. ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే పనైనట్టే. లోపల చూస్తే నలభై మూడు పేర్లు. కుంజా లచ్చమ్మ ఫొటో కూడా, చెలక మధ్యలో నిలబడి ఉంది.

రెండు చోట్ల కాపీ చేశాను. ఒక్కో ఫైలూ తెరిచి చూశాను. సాయంత్రానికి పటం మొదలైంది, ఆదివారం ముగిసింది, సోమవారం కమిటీ ముందుకి పోయింది. అరిచినప్పుడు లేని సిగ్గు పటం గీస్తున్నంతసేపూ వేసింది.

నేను చెప్పింది

పెద్ద సారు వచ్చి ఎట్లా వచ్చాయయ్యా అని అడిగాడు. నిజం నోటిదాకా వచ్చింది. అదే గదిలో అదే నలుగురు గుమాస్తాలు తలెత్తి చూస్తున్నారు. "బాగా తుడిచిన సార్" అన్నాను. భుజం తట్టాడు. పసుపు తోమి భూములు తెచ్చాడని అందరూ మెచ్చుకున్నారు. మీటింగ్‌లో కూడా చెప్పుకుని నవ్వుకున్నారట.

పనిలో తప్పు అందరూ చేస్తారు. చేయనివాడు ఏ పనీ చేయలేదని అర్థం. కానీ ఈ అబద్ధం వేరు. నా తప్పు కప్పుకోవడానికి దాన్ని ఇంకొకరి మీద పెట్టాను, అదీ జవాబు చెప్పలేని మనిషి మీద. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు. పనైంది కదా, ఊరికి మేలే జరిగింది కదా అనుకున్నాను.

పదిరోజులకి రామయ్య వచ్చాడు. చేతిలో తునికి పండ్ల దొప్ప. దండం పెట్టి, మీ వల్లనే మా ఊరు నిలబడింది అన్నాడు. లచ్చమ్మ బాగుందా అని మాటవరసకి అడిగాను. అతని ముఖం మారింది. ఆమె చేసిన పనికి అమ్మవారికి తప్పు, అంటే జరిమానా, కట్టించామని చెప్పాడు. ఆడమనిషి మాట విని భూముల్ని విత్తనాల్లో కలిపినందుకు ఊరంతా అతన్నీ తిట్టిందట. పండుగలో మిగిలిన విత్తనం మళ్ళీ పంచినప్పుడు ఆమెను ఆఖరున పిలిచారట. చెలక పనికి ఆమెతో ఎవరూ బదులు పోవడం లేదట. అక్కడ ఒకరి చెలకకు ఒకరు పోకపోతే ఒంటరి మనిషి దున్నలేదు.

"నువ్వే అన్నవ్ గద సార్, ఆమెనే కరాబ్ చేసిందని," అన్నాడు రామయ్య.

తునికి పండ్లు అట్లాగే టేబుల్ మీద ఉండిపోయాయి.

వెదురుగుంపులో

ఆదివారం దుమ్ముగూడెం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో, ఆటో పోలేని చోటు నుంచి నడక. వెంట ఏం తీసుకుపోవాలో తెలియక ఆ పెన్‌డ్రైవ్‌ని జేబులో వేసుకున్నాను. దారిపొడవునా ఎట్లా చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. ఎస్‌డీఏ గురించి చెబుతానా, భాగాల పట్టీ గురించి చెబుతానా? నా భార్య పొద్దునే అంది, "తప్పు నాదని చెప్పేటందుకు గంత ఆలోచన ఎందుకు" అని.

రామయ్యను అడిగి ఊరివాళ్ళను పిలిపించాను. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. లచ్చమ్మ ఎవరి పక్కనా లేదు, తన ఇంటి అరుగు మీద నుంచే చూస్తోంది. నేను మొదలుపెట్టాను. పసుపు వల్ల ఏమీ కాలేదు, దూదితో తుడిస్తే పోయేది అంతే అన్నాను. ఆ డ్రైవ్ మీ ఊరికి రాకముందే నేను తొందరలో తప్పుగా తయారుచేశాను, తెరవడం చేతగాక ఆమె మీద అరిచాను, తర్వాత తెలిసి కూడా చెప్పలేదు అన్నాను. రామయ్య కోయలో చెబుతున్నాడు. చివరి మాట దగ్గర ఆగి నన్ను చూశాడు. "గది గూడ చెప్పాల్నా సార్?" అన్నాడు. చెప్పు అన్నాను.

ఒక ముసలావిడ లేచి పోయి లచ్చమ్మ పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకావిడ. మగవాళ్ళలో ఒకతను, రేపు ఆమె చెలకకు నాగలి తోలుకుపోతానన్నాడని రామయ్య చెప్పాడు. నాకు గుండె తేలికైంది. పని ముగిసిందనుకుని లేచాను.

లచ్చమ్మ అప్పుడు అరుగు దిగి వచ్చింది.

"ఈడ చెప్పినవ్, మంచిగుంది. ఆ దినం నన్ను జూసి నగింది ఈ ఊరోళ్ళు కాదు. ఆడ, మీ ఆఫీసుల నగిండ్రు. ఆళ్ళకు ఎవలు చెప్తరు?"

నేను చెప్తా అన్నాను. "అవ్, చెప్పు," అని లోపలికి పోయి, నాకు అంబలి తెచ్చి ఇచ్చింది. తాగి బస్సుకి నడిచాను.

ఆఫీసులో

సోమవారం చెప్పాను. మాట నిలబెట్టుకున్నాను, ఆ ఒక్కటి నా ఖాతాలో వేయండి. పెద్ద సారు ఉన్నప్పుడే, నలుగురు గుమాస్తాలూ ఉన్నప్పుడే. ఎస్‌డీఏ, ఒకటి, అక్షరం కలపడం, అన్నీ బోర్డు మీద రాసి మరీ చెప్పాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. విని, ఒకాయన అన్నాడు, ఏమైనా పసుపు పెట్టడం పెట్టడమే కదా సార్ అని. మళ్ళీ నవ్వారు. మిగిలిన ఆ రెండో డ్రైవ్ ఇంకో ఊరి నుంచి వస్తే, ఒకటి లేకుండా మౌంట్ చేసి అందరికీ చూపించాను. అప్పుడూ నవ్వారు. నిజంలో సరదా ఏముంటుంది? పసుపు కథలో సరదా ఉంది.

వెదురుగుంపులో ఎక్కువమందికి ఆ విడతలోనే కాగితాలొచ్చాయి. లచ్చమ్మకూ వచ్చింది. కందకం గీత ఆమె గట్టు బయటికి జరిగింది. తర్వాతి ఏడాదుల్లో ఆమె రెండుసార్లు భద్రాచలం వచ్చినప్పుడు ఆఫీసుకొచ్చి కనిపించింది. మొదటిసారి వచ్చినప్పుడే అడిగింది, చెప్పినవా సార్ అని. చెప్పాను, వాళ్ళు నమ్మలేదు అన్నాను. "నమ్మేదాంక చెప్పు మల్ల," అంది. నవ్వుతూనే అంది, కానీ నవ్వులాటకి అనలేదు.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పగలిగిన పని సంగతులు ఇవి. కంప్యూటర్ రెండు వాక్యాలు చెబితే రెండూ చదవండి, పైకి చదవండి. అది వద్దంటే ఎందుకు వద్దంటోందో తెలిసేదాకా మీ చెయ్యి ఆపండి. ఏ డ్రైవ్‌నైనా తుడిచేముందు చదవడానికి మాత్రమే ఒకసారి తెరిచి చూడండి. ఇంకో కాపీ లేని చోట మీరే ఒకటి పెట్టండి. ఇవి ఏ కోర్సులోనైనా చెబుతారు. ఎదుట నిలబడ్డ మనిషి మీకంటే తక్కువ చదివినంత మాత్రాన తప్పు వాళ్ళదే అయివుంటుందని అనుకోకండి. ఇది ఎవరూ చెప్పరు.

నా రిటైర్మెంటు రోజున దండలు వేసి మాట్లాడారు. నేను ఎప్పుడూ చూడని ఒక కొత్త అధికారి మైకు పట్టుకుని, మన సార్ ఒకప్పుడు అడవి జనం పసుపు పూసి పాడుచేసిన పెన్‌డ్రైవ్‌ని కడిగి ఊరి భూములన్నీ తిరిగి తెచ్చారని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లేచి, కాదని చెప్పబోయాను. పక్కనున్నాయన నా చెయ్యి పట్టి, ఈ ఒక్కరోజు వదిలేయండి సార్ అన్నాడు. వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది.

అందుకే రాస్తున్నాను. ఆ డ్రైవ్‌ని పాడుచేసింది వెదురుగుంపు కుంజా లచ్చమ్మ కాదు. ఆమె దాన్ని భద్రంగా తెచ్చి నా చేతిలో పెట్టింది. పాడుచేసింది నేను.